కాకినాడ తీరంలో పడవ ప్రయాణం: కోరంగి మడ అడవులు, హోప్ దీవి – సమాచార వ్యాసం

ఆంధ్రప్రదేశ్ సముద్రతీరం పొడవు 974 కిలోమీటర్లుగా దీర్ఘకాలం లెక్కింపబడినది. తీరరేఖలోని వంపులను మరింత నిశితంగా కొలిచిన నూతన గణనలో అది 1,053 కిలోమీటర్లకు చేరినది. ఈ తీరంలో అధికభాగం తిన్నగా సాగే ఇసుక తీరమే. అలలు నేరుగా ఒడ్డును తాకే అట్టి చోట్ల చిన్న పడవలో విహరించడం సులభము కాదు, క్షేమకరమూ కాదు. కాకినాడ తీరం ఇందుకు భిన్నమైనది. ఇక్కడ పడమటి వైపు మడ అడవి, తూర్పు వైపు హోప్ దీవి అనే పొడవాటి ఇసుకదిబ్బ, ఆ రెండింటి నడుమ నిస్తరంగమైన కాకినాడ అఖాతం ఉన్నవి. అందుచేత సముద్రపు అంచును చిన్న పడవలో చూడగల అవకాశం ఈ ప్రాంతానికి సహజంగా లభించినది.

అయితే ఈ అడవిని, ఈ దిబ్బను కేవలం విహారస్థలములుగా పరిగణించడం సరికాదు. పడవ ప్రయాణానికి అనువైన ప్రశాంత జలాలను కల్పించుచున్నవి అవే. తుఫాను వేళ కాకినాడ నగరానికి, తీరగ్రామాలకు అడ్డునిలుచుచున్నవీ అవే. పర్యాటకాభివృద్ధిని, తీరరక్షణను వేర్వేరు విషయాలుగా చూడరాదని ఈ ప్రాంతం స్పష్టం చేయుచున్నది. పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఇందుకు సంబంధించిన వివరాలు ఈ దిగువ పొందుపరచబడినవి.

భౌగోళిక స్వరూపం

మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వర్ వద్ద జన్మించి 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి, ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ అను ప్రధాన పాయలుగా చీలుతుంది. గౌతమి పాయ యానాం మీదుగా సముద్రం వైపు సాగుతుంది. యానాం పరిసరాలలో దాని నుండి విడివడిన కోరంగి, గాడేరు అను చిన్న పాయలు ఉత్తరముగా ప్రవహించి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. ఈ పాయల చుట్టూ, వాటిని కలిపే అనేక చిన్న కాలువల చుట్టూ వ్యాపించినదే కోరంగి మడ అడవి. 1978లో ఈ ప్రాంతం వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటింపబడినది. దీని విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు.

కాకినాడ నుండి యానాం వెళ్లే రహదారి మీద, కాకినాడ జిల్లా తాళ్లరేవు మండలంలో కోరంగి ఉన్నది. అడవిలోనికి వెళ్లుటకు బురద నేలకు ఎత్తుగా చెక్కలతో నిర్మించిన నడకదారి ఇక్కడ ఉన్నది. చెట్ల వేళ్లు తొక్కుడు పడకుండా సందర్శకులు అడవిని దగ్గరగా చూచుటకు ఇది ఉపకరిస్తుంది. నడకదారి సమీపంలోని కాలువ నుండే పడవలు బయలుదేరుతాయి.

పడవ మార్గం

ఈ ప్రయాణంలో మూడు దశలు ఉన్నవి. మొదటిది అడవిలోని కాలువ. ఇక్కడ నీరు ఇరుకుగా, మట్టిరంగులో ఉంటుంది. రెండు ఒడ్డులా మడ చెట్లు నీటి మీదికి వంగి ఉంటాయి. ఆటు సమయంలో ఒడ్డున బురద బయటపడి, దాని మీద తిరిగే ఎర్ర పీతలు, గెంతే మడ్‌స్కిప్పర్ చేపలు కనిపిస్తాయి. పడవ ఇంజను వేగాన్ని ఈ దశలో తగ్గించవలసి ఉంటుంది. వేగంగా పోయే పడవ రేపే అల మెత్తని ఒడ్డును కోసివేస్తుంది.

రెండవది నదీ మొగ. పాయ వెడల్పై, చెట్లు దూరమై, నీరు అఖాతంలో కలిసే చోటు ఇది. నది తెచ్చిన ఒండ్రు ఇక్కడనే పేరుకొనుటచే నీటి అడుగున దిబ్బలు ఏర్పడుతాయి. వరదల తరువాత వాటి స్థానం మారుతుంది. నిరుడు వెళ్లిన దారి ఈ ఏడు ఉండకపోవచ్చును. కనుక స్థానిక మత్స్యకారుల అనుభవం లేనిదే ఈ మొగలను దాటుట ప్రమాదకరం.

మూడవది అఖాతం. దానిని దాటిన పిమ్మట హోప్ దీవి వస్తుంది. దారిలో ఉత్తరముగా చూచిన కాకినాడ ఓడరేవు కార్యకలాపాలు కనిపిస్తాయి. పెద్ద ఓడలు లోతునీటిలో లంగరు వేసి ఉండగా, బియ్యం మొదలగు సరుకులను బార్జీలలో వాటి వద్దకు చేర్చే పద్ధతి ఈ రేవులో చిరకాలంగా ఉన్నది. హోప్ దీవి చాటున అలలు తక్కువగా ఉండుటయే ఈ పద్ధతికి ఆధారం. 1997లో లోతునీటి రేవు ప్రారంభమైన తరువాత కూడ లంగరు రేవు కొనసాగినది.

హోప్ దీవి పుట్టుక

హోప్ దీవిని దీవి అని వ్యవహరించుచున్నప్పటికీ, శాస్త్రరీత్యా అది తీరం నుండి సముద్రంలోనికి సాగిన ఇసుకనాలుక. గోదావరి వరదలలో సముద్రం చేరిన ఇసుకను నైరుతి ఋతుపవన కాలపు అలలు తీరం వెంట ఉత్తరముగా నెట్టుకొని పోతాయి. అట్లు కదిలిన ఇసుక సుమారు రెండు శతాబ్దాల కాలంలో ప్రోవుపడి, నేడు సుమారు 16 కిలోమీటర్ల పొడవైన దిబ్బగా రూపొందినది. దీని ఉత్తరపు కొసకు గోదావరి పాయింట్ అని పేరు. దిబ్బ మీద పుత్రయ్య పాకలు అను మత్స్యకార పల్లె ఉన్నది.

నది ఒండ్రుతో పుట్టి, అలలతో పెరిగిన భూభాగం గనుక హోప్ దీవి స్థిరమైనది కాదు. ఒక చోట కోతకు గురియై మరొక చోట పెరగడం దాని స్వభావం. నది తెచ్చే ఇసుక పరిమాణం తగ్గినచో దాని భవిష్యత్తుపై ప్రభావం పడుతుంది. ఆర్థర్ కాటన్ నిర్మించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తియైనది. ఆ తరువాత నది పొడవునా అనేక జలాశయాలు వచ్చినవి. జలాశయాలలో ఒండ్రు నిలిచిపోవుట వలన డెల్టా తీరాలకు చేరే మట్టి తగ్గడం ప్రపంచంలోని పెక్కు నదుల విషయంలో గమనింపబడినది, గోదావరి అందుకు మినహాయింపు కాదు. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ తీరం దశాబ్దాలుగా కోతకు గురియగుచున్న సంగతి విదితమే. తీరం వెంట ఇసుక కదలికలో వచ్చిన మార్పులు అందుకు గల కారణాలలో ఒకటి. ఒక చోట ఇసుక నిలిస్తే మరొక చోట తీరం తరుగుతుందనుటకు ఉప్పాడ సమీప నిదర్శనం.

మడ అడవి ప్రత్యేకత

మడ చెట్లు ఉప్పునీటిలో, గాలి చొరని బురదలో బ్రతుకగల అరుదైన వృక్షాలు. తెల్లమడ, నల్లమడ చెట్ల వేళ్లు బురదలో నుండి మొలల వలె పైకి పొడుచుకొని వచ్చి గాలిని గ్రహిస్తాయి. వీటిని శ్వాస వేర్లు అంటారు. పొన్న జాతి చెట్లు కాండం నుండి వంపు తిరిగిన ఊత వేళ్లను బురదలోనికి దించి నిలదొక్కుకొంటాయి. వీటి గింజలు చెట్టు మీద ఉండగనే మొలకెత్తి, పొడవాటి కాడలుగా పెరిగి, పిమ్మట బురదలో పడి నాటుకొంటాయి. తిల్ల చెట్టు పాలు కంటికి హాని చేస్తాయి కనుక పడవలో వెళ్లువారు కొమ్మలను పట్టుకొనరాదు, విరువరాదు.

వేళ్ల అల్లిక అలల వేగాన్ని తగ్గించి ఒండ్రును నిలుపుతుంది. చేపలు, రొయ్యలు, పీతల పిల్లలు తొలిదశలో ఇక్కడనే పెరుగుతాయి. అఖాతంలో వల వేసే మత్స్యకారుని రాబడికి అడవిలోని బురదయే మూలమని చెప్పవచ్చును.

క్షీణించిన మడ అడవులను పునరుద్ధరించుటకు 1990ల చివరి నుండి అటవీ శాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, స్థానిక గ్రామస్థులు కలిసి కృషి చేసినారు. నీరు నిలిచి ఉప్పు పేరుకొన్న నేలలలో చేప ముల్లు ఆకారంలో కాలువలు త్రవ్వి, పోటు నీరు లోనికి వచ్చి ఆటుతో తిరిగి పోయే ఏర్పాటు చేసి మొక్కలు నాటినారు. నీటి రాకపోకలు పునరుద్ధరింపబడిన చోట అడవి తిరిగి పెరుగుతుందని ఈ పద్ధతి నిరూపించినది.

జీవజాలం

కోరంగి అభయారణ్యంలో 120కి పైగా పక్షి జాతులు గుర్తింపబడినవి. శీతకాలంలో ఉత్తరదేశాల నుండి వలస వచ్చే పక్షులు అఖాతపు ఒడ్డున బయటపడే బురదమేటల మీద మేత వెతుకుతాయి. క్రింది ముక్కు పై ముక్కు కంటె పొడవుగా ఉండి, నీటిని చీల్చుకొంటూ ఎగిరే ఇండియన్ స్కిమ్మర్ అను అరుదైన పక్షి శీతకాలంలో కనిపించే ప్రదేశాలలో కాకినాడ తీరం ఒకటి. చేపలు పట్టి తినే బావురుపిల్లి, నీటికుక్కలు ఈ అడవికి ప్రత్యేక ఆకర్షణ. అయితే బావురుపిల్లి రాత్రివేళ సంచరించే జంతువు. పగటి పడవ ప్రయాణంలో దానిని తప్పక చూపగలమని సందర్శకులకు ఎవరూ హామీ ఇవ్వరాదు.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుండి మార్చి వరకు రాత్రివేళ హోప్ దీవి ఇసుకలో గుడ్లు పెట్టుటకు వస్తాయి. ఒక్కొక్క తాబేలు సుమారు వంద గుడ్లు పెడుతుంది. 45 నుండి 60 దినములలో పిల్లలు వెలువడి, కాంతిని బట్టి సముద్రం వైపు నడుస్తాయి. ఒడ్డున దీపాలు, మంటలు ఉన్నచో అవి దారి తప్పుతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ తాబేలు చేర్చబడినది. దానిని గాని, గుడ్లను గాని తాకుట, తరలించుట శిక్షార్హము.

చారిత్రక నేపథ్యం

ఈ జలమార్గం పుణ్యయాత్రా మార్గం కూడ. పుష్య బహుళ అమావాస్యను ఈ ప్రాంతంలో చొల్లంగి అమావాస్య అంటారు. ఆనాడు చొల్లంగి వద్ద సాగరసంగమ స్నానం చేసి సప్తసాగర యాత్రను ప్రారంభించి, గోదావరి ఏడు పాయల సంగమాలను దర్శించి, వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అంతర్వేదిలో ముగించుట సంప్రదాయం. చొల్లంగి వద్ద తుల్యభాగ, కోరంగి వద్ద ఆత్రేయ పాయలు కలియునని ప్రసిద్ధి.

వాణిజ్య చరిత్రలోనూ ఈ కొద్దిపాటి తీరానికి విశేష స్థానం ఉన్నది. ఇంజరంలో ఆంగ్లేయులు, యానాంలో ఫ్రెంచివారు, కాకినాడలోని జగన్నాథపురంలో డచ్చివారు వర్తకస్థానాలు నెలకొల్పినారు. జగన్నాథపురం 1825లో ఆంగ్లేయుల వశమైనది. యానాం 1954లో ఫ్రెంచి పాలన నుండి విముక్తమై, నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగంగా ఉన్నది. కోరంగి ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరుపొందిన రేవు. ఇక్కడి నుండి బర్మాకు, మారిషస్‌కు వలస వెళ్లిన తెలుగువారిని ఆయా దేశాలలో కోరంగీలు అని పిలిచినారు. ఊరి పేరే జాతి పేరైనది.

అట్టి రేవు క్షీణించుటకు సముద్రమే ప్రధాన కారణమైనది. 1789 డిసెంబరులో వచ్చిన తుఫానులో మూడు పెను కెరటాలు కోరంగిని ముంచినవని ఆనాటి వృత్తాంతాలు తెలుపుచున్నవి. 1839 నవంబరు 25న వచ్చిన తుఫాను రేవును మరల ధ్వంసం చేసినది. ఈ రెండవ తుఫానులో మూడు లక్షల మంది మరణించినారని పలుచోట్ల వ్రాయబడుచున్నది. మన దేశంలో క్రమబద్ధమైన జనగణన మొదలైనది 1871-72లో గనుక, అంతకు ముందరి ఈ సంఖ్యను నిర్ధారిత లెక్కగా గాక, పరంపరగా చెప్పుకొనుచున్న అంచనాగా మాత్రమే పేర్కొనుట సమంజసం. కలకత్తాలో తుఫానులను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్ 1848లో సైక్లోన్ అను పదాన్ని వాడుకలోనికి తెచ్చినాడు. బంగాళాఖాతపు తుఫానుల పరిశీలనయే ఆ పదానికి భూమిక.

1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను కోనసీమలో అపారనష్టం కలిగించినది. వెయ్యి మందికి పైగా మరణించినారు. ఆ తుఫానులో మడ అడవి చాటున ఉన్న గ్రామాలకు ఉప్పెన ఉద్ధృతి తగ్గినదనుట స్థానికుల అనుభవం. మడ అడవుల పెంపకంలో గ్రామస్థులు పాల్గొనుటకు ఆ అనుభవం ప్రేరణ అయినది.

పోటు, ఆటు – ప్రయాణ సమయం

కాకినాడ తీరంలో దినమునకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఇవి ప్రతిదినం సుమారు 50 నిమిషాలు ఆలస్యమగుచుండును. అమావాస్య, పౌర్ణములకు పోటు ఎక్కువ, అష్టమి ప్రాంతంలో తక్కువ. అడవి కాలువలలో ఆటు సమయంలో పడవ బురదలో కూరుకొనిపోవుటకు అవకాశం ఉన్నది. కావున పడవలు బయలుదేరు వేళ గడియారాన్ని బట్టి గాక పోటును బట్టి నిర్ణయింపబడుతుంది. పర్యాటక బృందాలు నిర్ణీత సమయానికే బయలుదేరవలెనని సరంగును ఒత్తిడి చేయరాదు.

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈ ప్రయాణానికి అనుకూల కాలం. జూలై నుండి సెప్టెంబరు వరకు గోదావరి వరదలు, అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానులు సంభవించే అవకాశం ఉన్నది. అనగా విహారానికి మంచికాలంలో కొంతభాగం తుఫానుల కాలం కూడ. ఆకాశం నిర్మలంగా ఉన్నదని బయలుదేరుట చాలదు. విశాఖపట్నంలోని తుఫాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలను, హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం వెలువరించే అలల, గాలుల అంచనాలను చూచుకొనవలెను. ఓడరేవులో ప్రమాద సూచిక ఎగురవేసినచో ఏ పడవనూ అనుమతించరాదు.

ప్రయాణికుల భద్రత

రాష్ట్రంలో జరిగిన రెండు ఘోర ప్రమాదాలు ఈ విషయంలో గుణపాఠాలు. 2017 నవంబరు 12న కృష్ణానదిపై పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ మునిగి 20 మందికి పైగా మరణించినారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద, నది వరదలో ఉండగా, పాపికొండలకు బయలుదేరిన పడవ మునిగినది. 26 మంది ప్రాణాలతో బయటపడగా, సుమారు 50 మంది మృత్యువాతపడినారు. నది అడుగున ఉన్న ఆ పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న వెలికితీసినది. కచ్చులూరు దుర్ఘటన అనంతరం పర్యాటక పడవల రాకపోకలను పర్యవేక్షించుటకు రాష్ట్రంలో కంట్రోల్ రూములు ఏర్పాటు చేయబడినవి.

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి అంతర్గత నౌకల చట్టం యాంత్రిక పడవలకు రిజిస్ట్రేషను, తనిఖీ ధ్రువపత్రం, అర్హత గల సిబ్బంది, ప్రాణరక్షక సామగ్రి ఉండవలెనని నిర్దేశించుచున్నది. క్షేత్రస్థాయి అధికారులు పడవ కదలుటకు ముందే పరిశీలించవలసిన అంశాలు ఇవి:

పడవ రిజిస్ట్రేషను, తనిఖీ ధ్రువపత్రం చెల్లుబాటులో ఉన్నవా లేదా అనునది. అనుమతించిన సంఖ్యకు మించి ప్రయాణికులు ఎక్కినారా అనునది. పిల్లలతో సహా ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ ధరించినారా అనునది. జాకెట్లు పడవలో ఉండుట వేరు, ఒంటిమీద ఉండుట వేరు. ప్రయాణికుల పేర్ల జాబితా ఒడ్డున ఒకరి వద్ద ఉన్నదా అనునది. ప్రమాదం జరిగిన పిమ్మట ఎందరు ఎక్కినారో తెలియకపోవుట గాలింపు చర్యలకు పెద్ద ఆటంకం. చీకటి పడుటకు ముందే తిరిగివచ్చు ఏర్పాటు ఉన్నదా అనునది.

సముద్రంలో ఆపద సంభవించినచో భారత తీరరక్షక దళం ఉచిత ఫోను నంబరు 1554కు, లేదా సాధారణ అత్యవసర నంబరు 112కు తెలియజేయవచ్చును.

సందర్శకులు పాటించవలసిన నియమాలు

అభయారణ్యంలో ప్రవేశానికి, హోప్ దీవిపై దిగుటకు అటవీ శాఖ అనుమతి అవసరం. వాతావరణాన్ని, తాబేళ్ల ఋతువును బట్టి అనుమతులలో మార్పులు ఉండును గనుక బయలుదేరుటకు ముందే విచారించుకొనవలెను. ప్లాస్టిక్ సంచులు, సీసాలు వెంట తీసుకొనివెళ్లిన పక్షంలో తిరిగి తీసుకొనిరావలెను. నీటిలో పారవేసిన ప్లాస్టిక్ శ్వాస వేళ్లకు చుట్టుకొని, ఆటుపోట్లతో కొట్టుకొనిపోక అక్కడనే నిలిచిపోతుంది. పక్షులు గుమికూడిన బురదమేటల వైపు పడవను నడిపించి వాటిని ఎగురగొట్టరాదు. మత్స్యకారులు కట్టిన వలల మీదుగా పడవ నడుపరాదు. వల తెగిన దినమున ఆ కుటుంబానికి రాబడి ఉండదు.

తీర నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం మడ అడవులు అత్యంత సున్నితమైన ప్రాంతముల శ్రేణిలో ఉన్నవి. 2019 నాటి ప్రకటన ప్రకారం వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల రక్షిత వలయం ఉండవలెను. రేవులు, విశ్రాంతి గృహములు, వాహనముల నిలుపుదల స్థలములు మొదలగు పర్యాటక వసతులను ప్రతిపాదించునపుడు ఈ నిబంధనను తొలిదశలోనే పరిగణనలోనికి తీసుకొనవలసి ఉన్నది.

స్థానికుల పాత్ర

పర్యాటకం వలన కలిగే ఆదాయం స్థానిక గ్రామములకు చేరినపుడే అడవికి నిజమైన కాపలా ఏర్పడుతుంది. ఏ కాలువలో ఎప్పుడు ఎంత నీరు ఉండునో, ఏ మొగ వద్ద దిబ్బ జరిగినదో, ఏ గాలికి అఖాతం రేగునో మత్స్యకారులకు తరతరాలుగా తెలిసిన విద్య. ఆ విద్యకు తగిన శిక్షణ, ధ్రువపత్రం, ప్రాణరక్షక సామగ్రి తోడైనచో వారే ఉత్తమ సరంగులు, మార్గదర్శకులు కాగలరు.

కోరంగి రేవు వైభవం అంతరించినప్పటికీ, ఆ రేవును ముంచిన సముద్రం మాత్రం అక్కడనే ఉన్నది. నాటి తీరానికి, నేటి కాకినాడకు గల ముఖ్యమైన భేదం నడుమ నిలిచిన ఇసుకదిబ్బ, దాని వెనుక మిగిలిన మడ అడవి. ఒకటి నదీ ఒండ్రుపై, రెండవది పోటు నీటి రాకపోకలపై ఆధారపడి మనుచున్నవి. పడవలో వెళ్లి వాటిని చూచిన ప్రతి సందర్శకుడు, వాటి గురించి వ్రాసే ప్రతి పాత్రికేయుడు, వాటి సమీపంలో నిర్మాణాలకు అనుమతి ఇచ్చే ప్రతి అధికారి ఈ వాస్తవాన్ని దృష్టిలో ఉంచుకొనుట ఎంతైనా అవసరం.